చప్పట్లు సరే.. ఇంటద్దె ఎవరు కడతారు?

కళాకారుల కథలతో వచ్చిన సినిమాలను ఈసారి కాస్త వేరే కోణంలో చూద్దాం

హీరో డైరెక్టర్ అవ్వాలని హైదరాబాద్ బస్సెక్కుతాడు. ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు. వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేస్తాడు. వర్షంలో తడుస్తాడు. టీ కొట్టు దగ్గర బన్నుతో కడుపు నింపుకుంటాడు. ఇదంతా తెర మీద ఎంతసేపు? ఒక్క పాట. మహా అయితే నాలుగున్నర నిమిషాలు. పాట అయిపోయేసరికి ఛాన్స్ వచ్చేస్తుంది.

బయట మాత్రం ఆ పాట పదేళ్లు సాగుతుంది. కొందరికి జీవితమంతా సాగుతూనే ఉంటుంది. ఆ పదేళ్లూ రూమ్ రెంట్ ఎవరు కట్టారు? పండక్కి ఊరెళ్తే చుట్టాలు ఏమన్నారు? చెల్లి పెళ్లికి డబ్బు ఎక్కణ్నుంచి వచ్చింది? ఇవేవీ ఆ పాటలో పట్టవు.

“కళ కూడు పెడుతుందా?” అని అడగని ఇల్లు మన దగ్గర తక్కువ. చిన్నప్పుడు ముచ్చటపడి డాన్స్ క్లాసులో చేర్పించిన అమ్మానాన్నలే పదో తరగతి రాగానే గజ్జెల్ని అటక ఎక్కించేస్తారు. వాళ్లను విలన్లను చేయడం ఈజీ. కానీ వాళ్ల ప్రశ్నలో న్యాయం ఉంది. మన సినిమాల్లో కొన్ని ఆ ప్రశ్నకు భయపడి పాటలో దాక్కున్నాయి. కొన్ని మాత్రం నిలబడి జవాబు చెప్పే ప్రయత్నం చేశాయి. ఇవాళ్టి కబుర్లు ఆ రెండో రకం గురించి.

వంటింట్లో నాట్యం

1983లో వచ్చిన ‘సాగర సంగమం’ గురించి మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. కమల్ హాసన్ బావి అంచు మీద డాన్స్ చేసే సీన్ రీల్స్‌లో మీరూ చూసే ఉంటారు. కానీ దర్శకుడు కె.విశ్వనాథ్ ఆ సినిమాలో అసలు విషయం ఇంకోచోట పెట్టారు. వంటింట్లో.

బాలు తల్లి పెళ్లిళ్లకు, ఫంక్షన్లకు వంటలు చేసే మనిషి. అలాంటి ఒక ఫంక్షన్‌లో బయట వేదిక మీద పేరున్న నర్తకి (మంజుభార్గవి) నాట్యం చేస్తూ ఉంటుంది. అదే పాటకు లోపల గిన్నెలు, పొయ్యిల మధ్య బాలు తనలో తాను నాట్యం చేసుకుంటాడు. చూసేది తల్లి ఒక్కతే. ఒక ఆర్టిస్టుకి, స్టేజీకి మధ్య ఎంత దూరం ఉంటుందో చెప్పడానికి ఆ ఒక్క గోడ చాలు. అటువైపు ఉన్నది టాలెంట్, ఇటువైపు ఉన్నదీ టాలెంటే. తేడా ఎవరికి పిలుపొచ్చింది అన్నది మాత్రమే.

బాలు సినిమాల్లో డాన్స్ విభాగంలోనూ పనిచేసి చూస్తాడు. అక్కడ అడిగే స్టెప్పులు ఒంటికి పట్టక బయటికొచ్చేస్తాడు. మాధవి (జయప్రద) చొరవతో ఢిల్లీలో పెద్ద నాట్యోత్సవంలో అవకాశం వస్తుంది. మహామహుల ఫొటోల పక్కన తన ఫొటో అచ్చయిన పుస్తకం చూసుకుని బాలు తట్టుకోలేకపోతాడు. సరిగ్గా అప్పుడే తల్లి చనిపోతుంది. ఆ స్టేజీ దక్కదు. తర్వాత మనకు కనిపించేది పత్రికలో నాట్య సమీక్షలు రాసుకుంటూ, తాగుడుకు బానిసైన మనిషి.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. విధి దెబ్బ కొట్టిందని కథ చెబుతుంది. కానీ జాగ్రత్తగా చూస్తే విధి కంటే ముందు దెబ్బ కొట్టింది డబ్బే. ఒక్క అవకాశం తప్పిపోతే ఇంకోటి వచ్చేదాకా ఆగగలిగే స్తోమత ఉన్నవాడు ఇంకో ఏడాది ప్రాక్టీస్ చేసుకుంటాడు. బాలుకి ఆ వెసులుబాటు లేదు. కలవారి పిల్లలకు ఫెయిల్యూర్ ఒక అనుభవం. వంటమనిషి కొడుక్కి అది తీర్పు.

వినేవాళ్లు లేకపోతే విద్వాంసుడేం చేయాలి?

దానికి మూడేళ్ల ముందు, 1980 ఫిబ్రవరి 2న, విశ్వనాథ్ తీసిన ‘శంకరాభరణం’ విడుదలైంది. (సరిగ్గా అదే తేదీన, 2023లో ఆయన కన్నుమూశారు.) శంకరశాస్త్రిగా నటించిన జె.వి.సోమయాజులు అప్పటికి డిప్యూటీ కలెక్టర్. నాటకాల్లో, ముఖ్యంగా ‘కన్యాశుల్కం’లో రామప్ప పంతులుగా పేరున్న మనిషి. అంటే కళాకారుడి పేదరికాన్ని తెర మీద అంత గొప్పగా చూపించిన నటుడికి, ఇల్లు గడవడానికి వేరే ఉద్యోగం ఉంది. ఇది వింతేమీ కాదు. మన నాటకరంగంలో ఎంతోమంది పగలు ఆఫీసు, రాత్రి రంగస్థలం అన్నట్టే బతికారు.

ఈ సినిమాలో శాస్త్రిగారి విద్య ఎక్కడికీ పోలేదు. పోయింది శ్రోతలు. అభిరుచి మారింది, కచేరీలు తగ్గాయి, ఇంట్లో దీపం మసకబారింది. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే కంటెంట్ అదే, రీచ్ పడిపోయింది. రాత్రికి రాత్రి ఆల్గారిథమ్ మారి వ్యూస్ సగానికి పడిపోయిన యూట్యూబర్ ఎవరినైనా అడగండి, శాస్త్రిగారి మౌనం వాళ్లకు బాగా అర్థమవుతుంది.

ఈ కథ ఇచ్చే పరిష్కారం ఒక తులసి. విద్యను గుర్తించి, అండగా నిలిచే ఒక మనిషి. అందమైన పరిష్కారమే. కానీ ప్రతి శాస్త్రికీ ఒక తులసి దొరకదు కదా! పాతకాలంలో జమీందార్లు చేసిన పని ఇప్పుడు ఎవరు చేయాలన్న ప్రశ్నను సినిమా మనకే వదిలేసింది.

మీనాక్షి అడిగింది తప్పా?

ఆ ప్రశ్నను ఎనిమిదేళ్ల తర్వాత, 1988లో, విశ్వనాథే ఇంకో వైపు నుంచి తిప్పి అడిగించారు. ‘స్వర్ణకమలం’లో భానుప్రియ వేసిన మీనాక్షి చేత.

మీనాక్షి తండ్రి కూచిపూడి నాట్యాచార్యుడు. విద్యకు లోటు లేదు, ఇంట్లో మాత్రం అన్నిటికీ లోటే. ఆ అమ్మాయికి నాట్యం వచ్చు. కానీ వద్దు. హోటల్లో ఉద్యోగం చేసుకుంటూ, అందరిలా సరదాగా, హాయిగా బతకాలని కోరిక. ఇంత విద్య నేర్చిన నాన్న సుఖపడింది ఎక్కడ అన్నది ఆమె లాజిక్. మొదటి సగం మొత్తం సినిమా ఆ లాజిక్‌ని వెక్కిరించదు. ఆమె అల్లరిని, ఆశల్ని ప్రేమగానే చూపిస్తుంది.

ఇక హీరో చంద్రశేఖర్ (వెంకటేశ్). అతనూ కళాకారుడే, కాకపోతే బోర్డులు, హోర్డింగులు వేసే పెయింటర్. ‘గొప్ప కళ’ లిస్టులో అతని పనికి చోటు ఉండదు. కానీ ఆ ఇళ్లల్లో రంగు డబ్బాతో నెల గడుపుకోగలుగుతున్నది అతనే. అతనే మీనాక్షికి ఆమె విద్య విలువ చెప్పడం ఈ కథలో తమాషా.

చివరికి ఆమె మనసు మార్చింది డబ్బు ఆశ కాదు, తండ్రి పరువూ కాదు. అమెరికాలో పుట్టి మన దేశానికొచ్చి ఒడిస్సీ నేర్చుకున్న షారన్ లోవెన్, ఈ సినిమాలో షారన్‌గానే కనిపిస్తారు. నాట్యం తన సంతోషం కోసం చేస్తున్న మనిషిని దగ్గరగా చూశాక మీనాక్షికి మొదటిసారి తన విద్య తనది అనిపిస్తుంది. అప్పటిదాకా అది నాన్నది, ఇంటిది, ఊరిది. ఇంట్లో బలవంతంగా వీణో, మృదంగమో నేర్చుకున్న ఎవరికైనా ఈ తేడా చటుక్కున తెలుస్తుంది.

అయితే ఒకటి. షారన్ మాట విని మీనాక్షి నాట్యం వైపు తిరిగింది సరే, మీనాక్షి మొదట అడిగిన ప్రశ్న మాత్రం అలాగే ఉంది. ఆ ఇంటి బియ్యం ఖర్చు సంగతేంటి?

కృష్ణానగర్‌కు స్వాగతం

సంప్రదాయ కళల నుంచి సినిమా వీధికి వద్దాం. కృష్ణవంశీ తీసిన ‘ఖడ్గం’ (2002) అనగానే దేశభక్తి గుర్తొస్తుంది. కానీ అందులో సగం కథ సినిమా ఛాన్సుల కోసం తిరిగే మనుషులదే. రవితేజ వేసిన కోటి, ఎప్పటికైనా హీరో అవుతానని నమ్ముతూ రోజులు నెట్టుకొచ్చే కుర్రాడు. సంగీత వేసిన సీతామహాలక్ష్మి, హీరోయిన్ అవ్వాలని పల్లెటూరి నుంచి వచ్చిన అమ్మాయి. నవ్విస్తూ నవ్విస్తూ ఉన్న ఆ ట్రాక్, ఛాన్స్ కోసం ఆ అమ్మాయి ఏం మూల్యం చెల్లించాల్సి వచ్చిందో చూపించి గొంతులో ముద్ద అడ్డుపడేలా చేస్తుంది. ‘మీ టూ’ అనే మాట మన దగ్గరికి రావడానికి చాలా ఏళ్ల ముందే ఒక కమర్షియల్ సినిమా ఆ మాట చెప్పింది.

2008లో పూరి జగన్నాథ్ ‘నేనింతే’ తీశారు. ఈసారి రవితేజ డైరెక్టర్ అవ్వాలని తిరిగే అసిస్టెంట్ డైరెక్టర్. చుట్టూ జూనియర్ ఆర్టిస్టులు, డాన్సర్లు, కథలు చంకలో పెట్టుకుని తిరిగేవాళ్లు. బాక్సాఫీస్ దగ్గర సినిమా ఆడలేదు. కానీ రవితేజకు నంది అవార్డు వచ్చింది. ఇప్పటికీ ఇండస్ట్రీకి వెళ్దామనుకునే కుర్రాళ్లు ఒకరికొకరు చెప్పుకునే సినిమాల్లో ఇదొకటి. కారణం సింపుల్. సినిమా అంటే పిచ్చి ఉన్నవాళ్లను అది పిచ్చివాళ్లుగా చూపించలేదు. పనివాళ్లుగా చూపించింది.

సంపాదించాక గెలిచినట్టేనా?

సరే, కష్టపడ్డారు, ఛాన్స్ వచ్చింది, స్టార్ అయ్యారు. ఇక కథ సుఖాంతం కావాలి కదా? కాదని చెప్పిన సినిమా ‘మహానటి’ (2018). సావిత్రి పాత్రకు కీర్తి సురేశ్‌కు జాతీయ ఉత్తమ నటి పురస్కారం తెచ్చిన ఈ సినిమాను చాలామంది ప్రేమ, మోసం, తాగుడు కథగానే గుర్తుపెట్టుకున్నారు. మళ్లీ చూస్తే దర్శకుడు నాగ్ అశ్విన్ ఆమెను పనిలో ఎంత శ్రద్ధగా చూపించారో తెలుస్తుంది. ఒక షాట్‌లో ఒక్క కంట్లోంచే కన్నీళ్లు కావాలంటే, ఎన్ని చుక్కలో అడిగి మరీ రాల్చే సీన్ గుర్తుందా? ‘మాయాబజార్’ (1957)లో శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా నటించిన ఘట్టాన్ని మళ్లీ సృష్టించడం? అది దేవుడిచ్చిన వరం కంటే, నేర్చుకున్న పనితనం.

పని తెలిసిన మనిషికి డబ్బు నిలబెట్టుకోవడం తెలియాలని లేదు. సావిత్రి దర్శకురాలిగా 1968లో ‘చిన్నారి పాపలు’ తీశారు. ‘మూగ మనసులు’ కథను తమిళంలో ‘ప్రాప్తం’గా తీసి నష్టపోయారు. దానం చేసిన చేతులే అప్పు చేయాల్సి వచ్చింది. నెలల తరబడి కోమాలో ఉండి 1981 డిసెంబర్ 26న చనిపోయారు. ఇవాళ ఒక్క వైరల్ వీడియోతో పేరు, డబ్బు ఒకేసారి వచ్చిపడుతున్న ఇరవై ఏళ్ల పిల్లలకు ఈ సినిమా కంటే మంచి ఫైనాన్స్ క్లాసు లేదు.

రిటైర్మెంట్ లేని ఉద్యోగం

‘ఖడ్గం’ తీసిన కృష్ణవంశీయే 2023లో ‘రంగమార్తాండ’తో వచ్చారు. మరాఠీ కవి కుసుమాగ్రజ్ రాసిన ‘నటసామ్రాట్’ నాటకం 1970ది. మహేశ్ మంజ్రేకర్ దాన్ని 2016లో నానా పటేకర్‌తో సినిమా తీశారు. అదే కథకు ఇది తెలుగు రూపం. ప్రకాశ్‌రాజ్ వేసిన రాఘవరావు రంగస్థలానికి సెలవు చెప్పి, ఉన్నదంతా పిల్లలకు పంచేస్తాడు. ఆ తర్వాత ఇంట్లో అతనికి మిగిలింది పాత పద్యాలు, పెద్ద గొంతు మాత్రమే. అపార్ట్‌మెంట్ గోడల మధ్య ఆ గొంతు అందరికీ ఇబ్బందే.

ఈ సినిమాలో అందరినీ ఆశ్చర్యపరిచింది బ్రహ్మానందం. స్నేహితుడు చక్రపాణిగా ఆయన ఆస్పత్రి మంచం మీద నటించిన సీన్ చూస్తే, మీమ్స్‌లో మనం రోజూ చూసే ముఖం ఇదేనా అనిపిస్తుంది. గుమస్తాకు పెన్షన్ ఉంటుంది, టీచర్‌కు పెన్షన్ ఉంటుంది. జీవితమంతా రాజు వేషం వేసినవాడికి వేషం తీశాక ఏముంటుంది? ఆ సీన్ నిండా ఉన్నది ఆ ప్రశ్నే.

టాలెంట్ అంతంతమాత్రమే అయితే?

ఇక్కడిదాకా చెప్పుకున్న కథల్లో ఒక కామన్ పాయింట్ గమనించారా? బాలు, శంకరశాస్త్రి, మీనాక్షి, సావిత్రి, రాఘవరావు.. అందరూ మహా ప్రతిభావంతులే. లోకం గుర్తించలేదు, కాలం కలిసిరాలేదు, మనుషులు మోసం చేశారు. లోపం ఎప్పుడూ బయటే. మరి నిజాయతీగా కష్టపడి, ఇరవై ఏళ్లు సాధన చేసి, చివరికి ఓ మోస్తరు స్థాయిలోనే ఆగిపోయినవాడి సంగతేంటి? అసలు మనలో ఎక్కువమంది వాళ్లే కదా!

ఆ మనిషి కోసం మరాఠీలో ఒక సినిమా ఉంది. చైతన్య తమ్హానే తీసిన ‘ది డిసైపుల్’ (2020). వెనిస్ చిత్రోత్సవంలో ఉత్తమ స్క్రీన్‌ప్లే పురస్కారం అందుకుంది, తర్వాత నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. హీరో శరద్ హిందుస్తానీ గాయకుడు. ఆ పాత్ర వేసిన ఆదిత్య మోదక్ నిజంగానే సంగీతం నేర్చుకున్న మనిషి. శరద్ గురువుగారి సేవ చేస్తాడు, తెల్లవారుజామున సాధన చేస్తాడు, పెళ్లి వాయిదా వేస్తాడు. పొట్టకూటి కోసం పాత రికార్డింగులు అమ్మే చిన్న సంస్థలో పనిచేస్తాడు. విలన్ లేడు, మోసం లేదు. ఏళ్లు గడిచేకొద్దీ తన పాటలో ఏదో తక్కువుందని మెల్లగా అతనికే తెలుస్తుంది. ఒకరోజు కచేరీ మధ్యలో లేచి వెళ్లిపోతాడు. ఏడుపు మ్యూజిక్ లేదు, వర్షం లేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంటుంది.

తెలుగులో ఇంత నిక్కచ్చిగా కాకపోయినా, ఇదే దారిలో నవ్వుతూ నడిచిన సినిమా ‘సినిమా బండి’ (2021). ప్రవీణ్ కండ్రేగుల దర్శకుడు, రాజ్-డీకే నిర్మాతలు. ఆటో డ్రైవర్ వీరబాబుకు తన ఆటోలో ఎవరో మరిచిపోయిన ఖరీదైన కెమెరా దొరుకుతుంది. పెళ్లి ఫొటోలు తీసే గణపతిని కెమెరామన్‌ని చేసి, ఊళ్లోవాళ్లనే నటీనటులుగా పెట్టి సినిమా మొదలుపెడతాడు. మంగలి షాపు కుర్రాడు హీరో, కూరగాయలమ్మే అమ్మాయి హీరోయిన్. వీళ్లెవరూ మహానటులు కాదు. తీస్తున్నది మాస్టర్‌పీస్ కాదు. కానీ షూటింగ్ జరిగిన రోజుల్లో ఆ ఊరు బతికినంత హుషారుగా అంతకుముందెప్పుడూ బతకలేదు. గెలిస్తేనే కళ అన్న రూల్‌ని ఈ చిన్న సినిమా గొడవ లేకుండా పక్కకు జరిపేసింది.

తెర బయటి లెక్క

ఈ సినిమాలు చూసి కళ్లు తుడుచుకున్నాక బయట ఏం జరుగుతోందో కూడా ఓసారి చూడాలి. 12 మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య గుర్తున్నారు కదా! ‘భీమ్లా నాయక్’ పాటతో ఆయన గొంతు ఊరూరా మోగింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలి పనికి వెళ్తున్నారన్న వార్త, ఫొటోలు వచ్చాయి. మనం ఆ ఫొటోను షేర్ చేసి, అయ్యో అని కామెంట్ పెట్టి, స్క్రోల్ చేశాం. పురస్కారం మనిషి గౌరవం పెంచుతుంది. నెల నెలా సరుకులు తెచ్చిపెట్టదు.

సినిమా పరిశ్రమలోనూ అంతే. 2025 ఆగస్టులో 30 శాతం వేతనాలు పెంచాలంటూ తెలుగు సినిమా కార్మికులు సమ్మె చేస్తే రెండు వారాలకు పైగా షూటింగులు ఆగిపోయాయి. లైట్‌మెన్, కాస్ట్యూమ్స్, మేకప్, డాన్సర్లు.. 24 క్రాఫ్ట్స్ అంటామే, వాళ్లు. స్టార్ పారితోషికం వార్తను క్లిక్ చేసినంత తొందరగా మనం వాళ్ల రోజు కూలి వార్తను క్లిక్ చేశామా?

ఈసారి ఇలా చూడండి

కళాకారుడి కథతో వచ్చిన ఏ సినిమా చూసినా మూడు విషయాలు గమనించండి. ఒకటి, వాళ్లు ప్రాక్టీస్ చేస్తుండగా చూపించారా, లేక నేరుగా స్టేజీ మీదే చూపించారా? రెండు, డబ్బు గురించి సూటిగా మాట్లాడారా? అద్దె, అప్పు, అడ్వాన్స్ అన్న మాటలు వినిపించాయా? మూడు, వాళ్ల కల కోసం ఇంట్లో ఇంకెవరు పనిచేశారు? చాలాసార్లు ఆ మూడో జవాబు ఒక అమ్మో, అక్కో, భార్యో అవుతుంది. పోస్టర్‌లో వాళ్ల బొమ్మ ఉండదు.

మీలో ఎవరైనా గిటార్ పట్టుకుని, స్క్రిప్టు పట్టుకుని, రింగ్ లైట్ కొనుక్కుని ఈ దారిలో దిగాలనుకుంటుంటే, ఈ సినిమాలు మిమ్మల్ని ఆపడానికి తీసినవి కావు. వాటిలో ఎవరూ కళను తిట్టుకోలేదు, బాలుతో సహా. కానీ ఇంట్లో “కళ కూడు పెడుతుందా” అని అడిగితే మాత్రం అలిగి తలుపేసుకోకండి. కూర్చుని లెక్క చెప్పండి. ఎన్నాళ్లు ప్రయత్నిస్తారు, అప్పటిదాకా పొట్టకూటికి చేసే పనేంటి, ఎవరి మీద ఎంత భారం పడుతుంది.. ఇవన్నీ. సినిమా వాళ్లు ఒక్క పాటలో దాటేసిన భాగం అదే. మీరు బతకాల్సిందీ అందులోనే.

ఈ వీకెండ్ ఒకటే చూసే టైముంటే ‘స్వర్ణకమలం’ పెట్టండి. వీలైతే అమ్మానాన్నలను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. మీనాక్షి తరఫున ఒకరు, ఆమె నాన్న తరఫున ఒకరు వాదించుకోవడానికి ఇంతకంటే మంచి సినిమా దొరకదు.